మంత్రసాని అడగడం మానేసిన పేరు

లోనెస్ న్యాచిర్వా మంత్రసాని. మ్జింబా కొండల కింద ఆ ఊళ్ళో నలభై ఏళ్ళలోపు వాళ్ళలో సగం మంది ఆమె చేతుల మీదుగా పుట్టినవాళ్ళే. ఇళ్ళల్లో పురుళ్ళు పొయ్యొద్దని సర్కారు చెప్పినప్పుడు మిగతా మంత్రసానులు అలిగి కూర్చున్నారు. లోనెస్ అలగలేదు. గర్భిణులను తొమ్మిది మైళ్ళ అవతలి ఆసుపత్రికి చేర్చే పని నెత్తినేసుకుంది. అక్కడి నర్సు నోరు మంచిది కాదు. బిడ్డను చుట్టే కొత్త గుడ్డ తేలేదని, కింద పరిచే ప్లాస్టిక్ పట్ట తేలేదని నొప్పులతో వచ్చినదాన్ని గుమ్మంలోనే కడిగేసేది.

"గుడ్డ నేను తెస్తా తల్లీ, నువ్వు కాస్త నోరు అదుపులో పెట్టుకో" అంది లోనెస్ ఒకరోజు. నర్సు నెల రోజులు ముఖం మాడ్చుకుంది గానీ తిట్టడం మానేసింది.

నర్సును మార్చినంత తేలిగ్గా ఊరిని మార్చలేకపోయింది. నొప్పులు మొదలై రోజు గడిచినా బిడ్డ రాలేదంటే ఆ ఆడది పరాయి మగాడితో తప్పు చేసినట్టేనని ఊరి నమ్మకం. ఆ మగాడి పేరు చెబితేనే బిడ్డకు దారి దొరుకుతుందంటారు. లోనెస్ కూడా ఒకప్పుడు తలుపేసి అలాగే అడిగేది. తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ సిగ్గే.

మొన్న మొక్కజొన్న కోతలప్పుడు న్యాజెరె కోడలు తిసుంగేకు తొలి కాన్పు నొప్పులొచ్చాయి. అత్త న్యాజెరె ఎవరికీ కబురు పెట్టలేదు. రెండో రోజు పొద్దెక్కాక మొగుడు కొండ్వానీయే పరుగున వచ్చి లోనెస్‌ను పిలిచాడు. వెళ్ళేసరికి తలుపు మూసి ఉంది.

"చెప్పవే! ఎవడు వాడు?"

"ఎవరూ లేరత్తా... ఒట్టు."

"ఒట్లు పెడితే పుడతారా పిల్లలు?"

లోనెస్ తలుపు తోసుకుని వెళ్ళి పిల్ల పొట్ట మీద చెయ్యి వేసింది. బిడ్డ అడ్డం తిరిగి ఉంది.

"ఒరే కొండ్వానీ, సైకిల్‌కి మంచం బండి తగిలించు!"

న్యాజెరె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "పేరు చెప్పకుండా కదిలితే దారిలోనే పోతుందక్కా. కదలనివ్వను."

"నీ కొడుకు, ఇదిగో వీడు, ఎన్నాళ్ళకు పుట్టాడే?"

న్యాజెరె రెండు చేతులూ గుమ్మానికి అడ్డం పెట్టింది. లోనెస్సే చెప్పింది.

"మూడో రోజున. నేను పీక్కుతింటుంటే నా చెవిలో ఒక పేరు చెప్పావు. అది నిజమా?"

న్యాజెరె కొడుకు వైపు చూసింది. "అబద్ధం. నువ్వు వదిలిపెడతావని చెప్పా. తేనె అమ్మడానికొచ్చే వాడి పేరు. వాడి మొహం కూడా నేను సరిగా చూళ్ళేదు."

"మరి వీడెట్టా వచ్చాడు?"

"వచ్చే వేళకు వచ్చాడు."

"అబద్ధం చెప్పినా వచ్చాడుగా! ఇంక పేరుతో పనేముందే, పిచ్చిమొహమా? లే, పట్టు!"

న్యాజెరె పక్కకు తప్పుకుంది. నడుముకు చుట్టుకున్న పైగుడ్డ విప్పి బండిలో పరిచింది. కొడుకు తొక్కుతుంటే ఎత్తుల్లో వెనక నుంచి తనే నెట్టింది. ఆసుపత్రిలో ఆ నర్సు గుడ్డ సంగతే ఎత్తలేదు. చూసీ చూడగానే ఫోనందుకుని అంబులెన్సు పిలిచింది. పెద్దాసుపత్రిలో ఆపరేషను చేశారు. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టి, పైకప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. తల్లీ బతికింది.

పిల్లకు నెల నిండాక ఆదివారం చర్చిలో న్యాజెరె మనవరాలినెత్తుకుని లేచి నిలబడింది.

"నా కోడలు ఏ తప్పూ చెయ్యలేదు. ఆనాడు పేరు చెప్పాను గానీ, నేనూ చెయ్యలేదు."

వెనక బెంచీలోంచి ఒక ముసలావిడ లేచింది. "నేనూ చెయ్యలేదు." గోడ వైపునుంచి ఇంకొకామె లేచింది. తర్వాత మరొకామె. వాళ్ళందరినీ అడిగిన నోరు లోనెస్‌దే. ఆమె లేచి, "తప్పు నాదమ్మా, నన్ను క్షమించండి" అంది.

ఆడవాళ్ళు ఆమెను కూర్చోనివ్వలేదు. చంటిదాన్ని ఆమె చేతుల్లో పెట్టి, నాలుకలాడిస్తూ ఒక్కసారిగా సంబరపు కూత పెట్టారు. మగవాళ్ళు కూర్చున్న వైపు సిగ్గుతో ఒక్క తలా పైకి లేవలేదు.