మా మామకు నేను చూపించిన దీవి

ఎవరి గొయ్యి వాళ్లు తవ్వుకోవడం లోకంలో మామూలే. నేను మాత్రం టికెట్లు కొని, ఏసీ హాల్లో అత్తమామలను కూర్చోబెట్టి, పాప్‌కార్న్ చేతికిచ్చి మరీ తవ్వుకున్నాను.

అప్పట్లో నాకు ప్రకృతి జీవనం పిచ్చి పట్టింది. కర్నూల్లో ఉద్యోగం మానేసి, పత్తికొండ దగ్గర మామగారి పొలంలో గుడిసె వేసుకుని, పండించుకున్నదే తింటూ బతకాలని తీర్మానించాను. అప్పటిదాకా నేను పట్టిన వ్యవసాయ పనిముట్టు, బాల్కనీలో తులసికి నీళ్లు పోసే మగ్గు ఒక్కటే. మా ఆవిడ పద్మ మాత్రం, "మా నాయన ఊ అంటే నేనూ వస్తా. ఒప్పించుకో పో" అని తేల్చేసింది.

మామను మాటలతో ఒప్పించడం నా వల్ల అయ్యే పని కాదు. అందుకే సినిమా. పట్నం మీద విసుగెత్తిన కొందరు ఒక దీవికి వెళ్లి కొత్త బతుకు మొదలుపెట్టే కథట. చూస్తే మామ కరిగిపోవడం ఖాయమని నా తెలివికి నేనే మురిసిపోయాను. ముందుగా నేనొకసారి చూశానా అంటారా? ఎందుకు చూస్తాను!

సినిమా మొదలైంది. దీవిలో దిగినవాళ్లు చాలాసేపు సముద్రాన్ని చూశారు. తర్వాత అంతకంటే ఎక్కువసేపు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏమప్పా, చుట్టూ ఇన్ని నీళ్లుండాయి, మోటరు యాడా కనపళ్లేదే?" అన్నాడు మామ, హాలంతా వినపడేలా. ఆయన పొలంలో బోర్లన్నీ ఎండిపోయాయి లెండి.

"అవి ఉప్పునీళ్లు మామా."

"మరి వీళ్లేం తాగుతాండారు?"

ఆ సంగతి సినిమా తీసినవాడికే తెలియదు, నాకేం తెలుస్తుంది?

ఇంటర్వెల్ దాకా ఒక్కరూ గడ్డపార ముట్టలేదు. ఆ తర్వాత వంట ఎవరు చేయాలని కొట్లాడుకున్నారు. "ఆ పిల్ల తల దువ్వుకోదేమే పద్మా?" అని గొణిగి అత్త నిద్రపోయింది. చివరికి అందరూ ఒక్కొక్కరే పడవెక్కి మళ్లీ పట్నం దారి పట్టారు. అంత నీరసమైన సినిమా నేను జన్మలో చూడలేదు. దీవి కంటే ముందే హాలు ఖాళీ అయింది.

తల వంచుకుని బయటికొచ్చాను. మామ మాత్రం మంచి హుషారుగా ఉన్నాడు.

"సినిమా బాగలేదు మామా, ఏమనుకోవద్దు."

"బాగలేకుంటే ఏమప్పా, శానా మంచి మాట చెప్పినాడు. ఉన్న చోటు విసుగొస్తే చోటు మార్చాలంటాడు. నువ్వు పొలానికి వస్తానంటాండావని పద్మ చెప్పింది. రా. చేను, ఎద్దులు, ఎండిన బోర్లు అన్నీ నీవే."

నేను గాల్లో తేలిపోయాను. "మరి మీరు?"

"మేం కర్నూల్లో మీ ఇంట్లో ఉంటాం."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. కూతురింట్లో మకాం పెట్టకూడదని ఆయన గట్టి పట్టింపు. మా పెళ్లయినప్పటి నుంచి మా ఇంట్లో ఒక్క రాత్రి పడుకోలేదు, ఆఖరి బస్సైనా పట్టుకుని పోయేవాడు. ఆ ధైర్యంతోనే, "అల్లుడింట్లో ఉంటే నలుగురూ ఏమనుకుంటారు మామా?" అన్నాను.

"నువ్వు చేనికాడ ఉంటే అది అల్లుడిల్లు ఎట్లయితాదప్పా? తిప్పితే నీళ్లొచ్చే కొళాయి, సోఫా, ఫ్యాను. నాకు మాత్రం కొత్త బతుకు వద్దా?"

నాకు నిజంగా భయమేసింది. "మరి నాకు మళ్లీ పట్నం రావాలనిపిస్తే?"

"దానికేమి, పండగకు మా ఇంటికి వద్దువులే. సోమవారం కలుపు తీయాల, పొద్దున్నే బయల్దేరు."

ఈలోగా అత్త నిద్రమత్తు వదిలించుకుని, ఆటో ఆపి, మా ఇంటి అడ్రసు తన ఇల్లన్నట్టే చెబుతోంది. పద్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

సోమవారం ఆఫీసులో వాచ్‌మన్ కంటే ముందు నేనే ఉన్నాను. మామ మాత్రం ఇప్పటికీ ఫోన్ చేసి, "ఎప్పుడొస్తాండావప్పా? మీ అత్త సామాను సర్దుకునే ఉండాది" అంటాడు.

కాబట్టి మా ఇంటి కొళాయి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పోస్టర్ మీద పడవ బొమ్మ కనబడితే రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తాను. ఇక అత్తమామలతో సినిమాకే వెళ్లాల్సి వస్తే, హీరో మొదటి సీన్లో ఏ ఇంట్లో ఉన్నాడో ఆఖరి సీన్లోనూ ఆ ఇంట్లోనే ఉన్నాడని కనుక్కున్నాకే టికెట్లు కొంటాను.