బెల్లం పెనం దగ్గర ప్రమాణ చర్చ

డిగ్రీ రెండో ఏడు చదివే కాలంలో నాకు నా మీద తప్ప దేనిమీదా నమ్మకం ఉండేది కాదు. విజయనగరంలో మా కాలేజీ గ్రంథాలయంలో ఒక బీరువా నిండా దర్శనాల పుస్తకాలుండేవి. కంటికి కనబడిందే ప్రమాణం, ఊహను నమ్మొద్దు అన్న లోకాయతుల పక్షాన ఒక నెల ఉన్నాను. ఇంద్రియం అందించినదానికి మనసు పేరు పెట్టేసరికే అందులో కొంత కల్పన చేరుతుందన్న బౌద్ధుల వైపు మరో నెల మొగ్గాను. (రామతీర్థం కొండ మీద బౌద్ధారామ శిథిలాల మధ్య కూర్చుని, వాళ్ల ఆఖరి వారసుణ్ని నేనేనని ఒక సాయంత్రం అనుకున్నాను కూడా.) చివరికి ఇంద్రియాలన్నీ మోసగాళ్లేనని తీర్మానించాను. ఇక ఆ తీర్మానాన్ని ఎవరిమీదైనా ప్రయోగించాలి. సెలవులకు వెళ్తే మావయ్య దొరికాడు.

చుట్టుపక్కల ఎవరు బెల్లం వండినా పాకం చూడడానికి మావయ్యనే పిలిచేవారు. మరిగి చిక్కబడ్డ చెరకు రసాన్ని ఒక బొట్టు చన్నీళ్లలో వేసి, వేలితో నలిపి, "దించండి" అనేవాడు. ఆ మాట కాస్త ఆలస్యమైతే బెల్లం నల్లబడి చేదెక్కుతుంది. ఆ వేలే ఆయన పరువు. ఆ రోజు పొరుగు రైతు చెరకు పెనం మీద ఉంది. రైతూ మనుషులూ పక్క మడిలో చెరకు నరుకుతున్నారు, కేకేస్తే వచ్చి దించడానికి.

"మావయ్యా, నీ వేలు అబద్ధమాడుతుంది" అన్నాను.

"ఎప్పుడాడిందిరా?"

మూడు గిన్నెలు తెచ్చాను. ఒకదానిలో చన్నీళ్లు, ఒకదానిలో వేణ్నీళ్లు, మధ్యదానిలో గోరువెచ్చనివి. రెండు చేతులూ చెరోదానిలో కాసేపు ఉంచి, తరవాత రెండూ కలిపి మధ్య గిన్నెలో ముంచమన్నాను.

"ఇదేటిరా అల్లుడూ, ఈ సెయ్యి వేడంతన్నాది, ఆ సెయ్యి సల్లనంతన్నాది."

"నీళ్లు ఒకటే కదా? ఏ చేతిని నమ్ముతావు?"

మావయ్య నీళ్లలోంచి చేతులు తీయకుండా నిజంగానే ఆలోచనలో పడ్డాడు. నేను విజృంభించాను. నడుమ నా ముక్కుకు మాడువాసన తగిలింది. అయితే ఇంద్రియాల్ని నమ్మొద్దని చెబుతున్నవాడు ముక్కును ఎలా నమ్ముతాడు? పైగా వాక్యం సగంలో ఉంది.

అన్నం క్యారియర్‌తో గట్టు మీద వస్తున్న అత్త అక్కణ్నుంచే అరిచింది. "ఒరే, ముక్కులున్నోలెవులూ లేరేటి అక్కడ? పాకం మాడిపోతన్నాది."

రైతు పరుగెత్తుకొచ్చి, నల్లబడ్డ పాకాన్ని, మావయ్యను చూశాడు. మావయ్య తల దించుకుని, "ఈయేల నా ఏలు తప్పింది" అన్నాడు. ఆ వేలు పాకాన్ని తాకనే లేదు. ఆయన దాని మీద అబద్ధపు సాక్ష్యం చెప్పాడు, నేను పక్కనే నిలబడి విన్నాను. హేతువాదిని, నిజం కోసం ప్రాణమిస్తానని చెప్పుకునేవాణ్ని, నోరు విప్పలేదు.

రాత్రంతా నిద్రపట్టక, తెల్లారి రైతు ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన పళ్లు తోముకుంటూ విన్నాడు.

"నాకు తెల్దేటి బాబూ? మీ మావ ఏలు తప్పదు. నువ్వు ఆడున్నావంటే నీ నోరే సేసుంటాది. ఇయ్యాల పెనానికీ ఆయన్నే రమ్మన్నాను. నువ్వు మాత్రం ఇంటికాడే ఉండు."

గిన్నెల దగ్గర జరిగిందేదీ ఆయన చూడలేదు, నేను చెప్పేదాకా వినలేదు. ఉత్త ఊహ. లోకాయతుల పక్షాన నెలరోజులు నేను ఏ అనుమాన ప్రమాణాన్ని, అంటే ఊహతో తేల్చుకోవడాన్ని, కాదన్నానో అది నిక్షేపంగా పనిచేసింది.

ఇప్పటికీ సభల్లో ప్రత్యక్ష ప్రమాణం గురించి గంటసేపు మాట్లాడతాను. డిగ్రీ రోజుల నాటి నాలోని ఆ కుర్రాడి వాదంలో నాకింకా తప్పు దొరకలేదు. భుజం తట్టి, ముందు పెనం దించరా, వాక్యం తరవాత పూర్తిచేద్దువుగాని, అని చెప్పాలనిపిస్తుంది. వినడని నాకు తెలుసు.