వేలు కనబడే ఎరుపు

అక్టోబరు ఐదు, సోమవారం. తలుపు తీసేసరికి పక్కింటి చిన్నమ్మ మా మెట్టు మీద కూర్చుని ఉంది. అంత పొద్దున్నే ఆమె ఎవరింటికీ వెళ్లదు. "మీ కాకా లెవ్వలే బిడ్డా," అంది. ఆమె భర్త నిద్రలోనే పోయాడని అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

జహీరాబాద్‌లో మా ఇల్లూ కాకా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. ఆయన తోట కోహీర్ దారిలో, ఎర్రమట్టి చెలకలో ఉంది. చుట్టూ అందరూ చెరుకో అల్లమో వేస్తే ఆయన వైనుకు పనికొచ్చే నల్లద్రాక్ష పెంచాడు. కానీ వైను ఎన్నడూ తాగలేదు. మెడలో లింగకాయ ఉన్న శివభక్తుడు, మందు ముట్టడు. ఆ పండు కొని బీదర్ అవతల వైను తయారుచేసే పెద్దమనిషి ఏటా ఒక గ్లాసులో పోసి ఇస్తే, వాసన చూసి, వెలుతురుకు ఎత్తిపట్టి, తిరిగి ఇచ్చేసేవాడు.

ఫ్రాన్సులో బోజొలే అనే కొండసీమ ఉందనీ, అక్కడి ఎర్ర వైను పలచగా ఉంటుందనీ, చాలామంది దాన్ని కొత్తగా ఉండగానే, కాస్త చల్లగా తాగుతారనీ ఆ పెద్దమనిషే చెప్పాడు. మన చెలకలోనూ అలాంటిది రావాలన్న కోరిక కాకాను వదల్లేదు. "గ్లాసు ఎనక ఏలు పెడితే కనవడాలె. గదీ ఎరుపంటే," అనేవాడు. ఆ వాసనను ఏమనాలని నన్ను అడిగేవాడు. పుస్తకాల్లో ఏరిన పెద్ద మాటేదో నేను చెబితే నవ్వి, "గంత బరువు మాటెందుకే? తడిసిన నేరేడు పండంటే సాలదా?" అనేవాడు.

అలాంటి వైనుకు పండు చిన్నగా ఉండాలి, అందుకు తీగకు నీళ్లు తగ్గించాలి. తీపి పూర్తిగా ఎక్కకముందే కోయాలి. పుల్లటి పండ్లు అమ్ముకుంటున్నాడని పక్క చేలవాళ్లు ఎగతాళి చేస్తే, "బెల్లం గావాలంటే చెరుకే పెడుదు గద," అని తన పని తాను చేసుకునేవాడు. కానీ ప్రతి ఏడూ వానో ఎండో అడ్డం వచ్చేది. ఈ ఏడు కుదిరిందనుకున్నాడు.

ఫిబ్రవరిలో గుండెనొప్పితో దవాఖానలో పడ్డాడు. సరిగ్గా కోతకు ముందు. ఆయన నీళ్లు తగ్గించి పెట్టిన తీగలను చూసి చిన్నమ్మ మనసు ఆగలేదు. రోజూ నిండా తడిపింది. ఆయనే వచ్చి కోయాలని కోత కూడా ఆపింది. ఆయన ఇంటికొచ్చేసరికి గుత్తులు బొద్దుగా, తేనెలా ఉన్నాయి. వైను పెద్దమనిషి ఒక పండు నోట్లో వేసుకుని, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. పంటంతా బజారులో తోపుడుబండ్ల మీద పోయింది.

కాకా కోప్పడలేదు. ఒక గుత్తి కడిగి చిన్నమ్మ చేతిలో పెట్టాడు. "మస్తు తియ్యగున్నయ్. ఒచ్చే ఏడు జర ఆకలితోని ఉంచుదాం," అన్నాడు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా చిన్నమ్మ మొహం తిప్పుకుంటుంది. ఆయన తిట్టి ఉంటే ఆమెకు కొంత నయంగా ఉండేదేమో.

ఇవాళ పదకొండో రోజు పూజ అయ్యాక, తోట తీసేసి అల్లం పెడదామని కాకా కొడుకు అన్నాడు. అతన్ని తప్పుపట్టలేం. చూసుకునే మనిషే లేడు.  చిన్నమ్మ నెమ్మదిగా చెప్పింది.

"పోయిన పంట నా చేతులనే చెడ్డది. ఒక్క పంట సక్కగ తీస్త. అటెంక నీ ఇష్టం."

అతను సరేనన్నాడు. తీగలు కత్తిరించవలసిన నెల ఇది. ఆలస్యమైతే పండు ముదురు ఎండల్లో పడుతుంది. రేపు పొద్దున మొదటి బస్సుకు ఆమే నేనూ తోటకు వెళ్తాం. నేను కొమ్మ వంచి పట్టుకుంటాను, ఆమె కత్తిరిస్తుంది.