ఎర్ర గీత మీద పూసిన లై

ఇబ్రహీంపట్నం దవాఖానలో నర్సుగా చేస్తున్న మా మనవరాలు మొన్న వచ్చి, దవాఖాన చరిత్ర రాస్తున్నారని, నా దగ్గరున్న పేపరు కత్తిరింపుల పుస్తకం కావాలని అడిగింది. ట్రంకుపెట్టె అడుగునుంచి తీసి ఇచ్చాను. పనికొచ్చేదాన్ని పారేసే అలవాటు నాకెప్పుడూ లేదు.

ఆ పుస్తకం మా మేనమామది. ఆయన అక్కడ కంపౌండరు, మా అమ్మ ఆయా. రెండో తరగతితో నా చదువు ఆగిపోయింది కనుక నేనూ అమ్మ వెంట అక్కడికే పోయేదాన్ని. దవాఖాన గురించి పేపర్లో ఏ ముక్క పడినా, కలరా సూదులు వేశారన్నా, కొత్త మంచాలు వచ్చాయన్నా, మామ దాని చుట్టూ ఎర్ర పెన్సిలుతో గీత గీసేవాడు. కత్తిరించడం నా పని, పాత రిజిస్టరులో అతికించడం ఆయన పని. మిగిలిన కాగితం మందుపొడి పొట్లాలకు పోయేది.

రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్న రోజులవి. తుపాకీ దెబ్బలు తగిలిన రైతులకు మామ ఎవరు, ఏమిటని అడగకుండా కట్లు కట్టిన సంగతి బెజవాడ పేపరులో పడింది. ఆ పేపరు మా వైపు, నిజాం రాజ్యంలో, నిషేధం. ఎవరో కూరగాయల గంపలో దాచి తెచ్చారు. అమ్మ భయపడి, "పొయ్యిల పెట్టు, అన్నా! నీ పాణం మీదికొస్తది" అన్నది. మామ వినలేదు. "ఇది మన దవాఖాన ముచ్చట, ఉండాలె" అని గీత గీసి, చేతినిండా పని ఉండి, "గీత ఉన్నకాడ లై పెట్టి అంటియ్యి బిడ్డా" అని నాకే అప్పగించాడు.

లై అంటే చింతగింజలు నూరి కాచిన జిగురు. ఆయన చెప్పినట్టే నేను సరిగ్గా గీత ఉన్న వైపే పూసి అతికించాను. వార్త కిందికి పోయింది. పైకి జుట్టు విరబోసుకున్న ఆడమనిషి బొమ్మతో తలనూనె ప్రకటన వచ్చింది. మామ చూసి చెవి మెలిపెట్టాడు. లాగితే చిరుగుతుందని అట్లాగే వదిలేశాడు.

పేపరు వచ్చిందని ఎవరో చెప్పగా, మర్నాడే రజాకార్లు దాని కోసం దవాఖానంతా వెతికారు. అమ్మ నా నోటి మీద చెయ్యి పెట్టి తలుపు వెనక నిలబెట్టింది. ఒకడు పుస్తకం తిరగేసి ఆ పేజీ దగ్గర ఆగి, "ఏం కంపౌండర్ సాబ్, దవాఖాన బంద్ జేసి నూనె అమ్ముతున్నవా?" అని పకపక నవ్వి, బల్ల మీద పడేసి పోయాడు. మామ నన్ను పిలిచి, పుస్తకం చేతిలో పెట్టి, "ఇగ నుంచి నువ్వే అంటియ్యి" అన్నాడు. పోలీసు యాక్షన్ అయ్యాక కూడా ఆ పేజీ వచ్చినప్పుడల్లా నా చెవి మెల్లగా పట్టుకునేవాడు.

ఇప్పుడు ఆ కాగితాన్ని నానబెట్టి ఊడదీస్తారట, అసలు వార్త ఫొటో తీసుకుంటారట. నేనున్నన్నాళ్ళు ముట్టొద్దన్నాను. ఈ రోజుల్లో కట్టు కట్టడం పూర్తి కాకముందే ఫొటో ఊరంతా తిరుగుతుంది, మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. ఆ వార్తను మాత్రం పుస్తకంలో ఇన్నేళ్ళుగా ఎవరూ చదవలేదు, నేనొక్కదాన్నే మరవలేదు. నా తరువాత నానబెట్టి చదువుకోండి. చెవి పట్టుకునే మామ మాత్రం అందులో అచ్చయి లేడు.