తీగ వంచే మల్లీశ్వరి

ధరూర్ నుంచి గద్వాలకు పోయే షేర్ ఆటోలో మల్లీశ్వరి రోజూ ఒక ఇనుప తీగను వంచుతూ, విప్పుతూ కూర్చుంటుంది. పాముకాటు మందుకు కొత్త ప్రొటీన్ తయారుచేసే ప్రయోగశాలలో ఆమె ఉద్యోగం. ప్రొటీన్ కూడా ఆ తీగలాగే ముడుచుకుని ఉండే పొడవాటి గొలుసు; ఎండ వేడికి దాని ఆకారం విడిపోతే మందు పనిచేయదు. విడిపోని ఆకారం కోసం ఇప్పటికి అరవై ఒక్క నమూనాలు చేసింది. ఒక్కటీ నిలవలేదు.

"ఏంది బిడ్డా, రోజు గీ తీగతోని ఏం చేస్తవు?" అని పత్తి కూలికి పోయే లింగమ్మ ఒక పొద్దున అడిగింది. మల్లీశ్వరి చెప్పింది. పాము కరిచి భర్తను పోగొట్టుకున్న లింగమ్మ తీగ అందుకుని రెండు కొసలూ కలిపి మెలేసింది.

"గట్ల చేసి చూసిన, అక్కా. ఇడిపోయింది."

"ఒక్క మెలికనే ఏసినవా? చేను కంచెకు మేం రెండేస్తం. పంది గుద్దినా ఇడవదు."

ఆటో దిగేలోపే మల్లీశ్వరి నోటుపుస్తకంలో అరవై రెండు అని రాసి, పక్కన రెండు మెలికలు గీసింది.