పెట్టె అడిగిన పేరు

దెయ్యాల కబుర్లు మొదలైతే అక్కడి నుంచి లేచిపోయే రకం నేను. నెట్‌వర్కులు బాగుచేయడం నా పని. ఏది ఆగిపోయినా ముందు వైరు చూస్తాను, తర్వాత సెట్టింగులు చూస్తాను. మూడో కారణం ఒకటి ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

ముత్తుకూరు పక్కన మా అక్కకు మూడు రొయ్యల గుంటలున్నాయి. బావ పోయాక ఆ బరువంతా ఆమె నెత్తిన పడింది. ఒక్క పంట పోయినా ఆ గుంటలు వదులుకోవాల్సిందే. అందుకని నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లకు వైఫై మీటర్లు పెట్టాను. కరెంటు ఆగితే ఫోను మోగుతుంది. అక్కడ ఇంటర్నెట్ రోజుకోసారైనా అలుగుతుంది కాబట్టి, ఇంట్లోనే చిన్న డీఎన్ఎస్ సర్వరు కూడా పెట్టాను. అరచేతిలో పట్టే పెట్టె. పేరు చెబితే ఆ పరికరం ఏ చిరునామాలో ఉందో చెబుతుంది, అంతే. గుంట1, గుంట2, గుంట3 అని రాసి చేతులు దులుపుకున్నాను.

వారం తర్వాత, ఎవరు ఏ పేరు అడిగారో చూపించే లాగ్ తెరిచాను. రోజూ మధ్యాహ్నం మూడు దాటాక ఒక్కసారి, 'నయోమి'. అలాంటి పేరు లేదని జవాబు. అడిగింది ఫోను కాదు, టీవీ కాదు. ఆ పెట్టె తనను తానే అడుగుతోంది.

భయం వేయలేదు గానీ, భలే సరదా పుట్టింది. వైరస్ అనుకుని అన్నీ చెరిపి మొదటి నుంచి ఎక్కించాను. ఇంటర్నెట్ వైరు పీకేశాను. ఇంట్లో ఫోన్లన్నీ ఆపించి అక్క చేత తిట్లు తిన్నాను. మూడు దాటింది, నయోమి వచ్చింది.

చివరికి అక్కనే అడిగాను. చేతిలోని మేత గిన్నె కింద పెట్టేసింది.

"నీకెవురు చెప్పినార్రా ఆ పేరు?"

సీడు, అంటే రొయ్య పిల్లల్ని, వదిలేటప్పుడు బావ ఒక్కో గుంటకు బైబిల్లోని ఒక పేరు పెట్టి ప్రార్థన చేసేవాడట. చర్చి సంఘంలో తెలిస్తే నవ్వుతారని ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. మూడో గుంట నయోమి. అన్నం తిని కునుకు తీసి, మూడింటికి ఆయన ముందుగా వెళ్లేది దాని గట్టు మీదికే. చెబుతూ అక్క ఏడ్చింది. ఆ సాయంత్రమే మూడో గుంట మీటరుకు ఆ పేరు కూడా రాశాను. అప్పటి నుంచి రోజూ అడగడం, జవాబు అందుకోవడం.

ఒక మబ్బు రోజు లాగ్ చూస్తున్నాను. నయోమి, నయోమి, నయోమి. ఆగడం లేదు. మీటరులో మాత్రం కరెంటు సరిగ్గానే ఉంది. పేరు ఆగకుండా వస్తోంది గానీ అంతా బాగానే ఉందని అక్కతో అన్నాను.

"నీ మీటరు ఎవురికి కావాలరా? పోయి గుంట చూడు" అని అక్క కసిరింది.

వెళ్లాను. మోటారు తిరుగుతూనే ఉంది. దాన్ని చక్రాలకు కలిపే షాఫ్టు విరిగి నీళ్లలో చక్రాలు నిలిచిపోయాయి. మోటారుకు కరెంటు అందుతున్నంతసేపూ నా మీటరు మోగదు. ఆ తప్పు నాది. రొయ్యలు గాలి అందక గట్టు వారన పైకి తేలుతున్నాయి. పక్క గుంటలోని ఏరియేటరు లాక్కొచ్చి వేశాం. పంట దక్కింది.

ఆ తర్వాత ఆ పేరు మళ్లీ రాలేదు. నా కన్నా తెలిసినవాళ్లకు లాగ్ చూపించాను. ఒక్కరూ కారణం చెప్పలేకపోయారు. నాకూ తెలియదు. పేరు మాత్రం తీసేయలేదు.

ఇప్పటికీ నేను వెళ్తే మధ్యాహ్నం అక్క అడుగుతుంది. "మీ బావ ఏమన్నా అడిగినాడా?"

లేదంటాను.

"అయితే గుంట బాగుండాదిలే" అని టీ పెట్టడానికి లేస్తుంది.