వియ్యపురాలి వెడల్పు

తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన ఆయన్ని చుట్టాలంతా రిమోట్ బాబాయి అంటారు. ఎదురుగా మాత్రం ఎవరూ అనరు. అంటే కూర్చోబెట్టి పాఠం చెబుతాడని భయం. ఒకప్పుడు తక్కెళ్ళ ముందు వ్యాపారుల్ని హడలెత్తించిన ఆ గొంతు ఇంట్లో ఎవరికీ అక్కర్లేకపోయింది. గోడంత టీవీ, డిస్క్ ప్లేయరూ కొన్నాక దానికి మళ్ళీ పని దొరికింది. వాటితో వచ్చిన పుస్తకాన్ని ఆయన బట్టీ పట్టాడు. రిజల్యూషన్, యాస్పెక్ట్ రేషియో, లెటర్‌బాక్స్ అన్న మాటలు మంత్రాల్లా దొర్లించేవాడు. అర్థం అడిగితే, "అది చెబితే అర్థమయ్యేది కాదులే" అనేవాడు. అందులో అబద్ధం లేదు. ఆయనకీ అర్థం కాలేదు.

నల్లపట్టీలంటే ఆయనకి ఒళ్ళుమంట. పాత సినిమా పెడితే తెరకి అటూ ఇటూ నల్లగా ఖాళీ మిగిలేది. "కొన్నది మొత్తం తెర. ఖాళీ ఎందుకుండాలి?" అని బొమ్మని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా సాగదీసి పెట్టాడు. ఇక ఆ ఇంట్లో గుర్రాలు పందుల్లా పరిగెత్తాయి. చంద్రుడు పక్కకి పడుకోబెట్టిన కోడిగుడ్డులా ఉదయించాడు.

"ఏమండీ, చంద్రుడేంటి అలా ఉన్నాడు?" అని భార్య అడిగింది.

"వైడ్‌స్క్రీన్ కదే!" అన్నాడు.

ఒక ఆదివారం వియ్యపురాలు కొడుకుని వెంటబెట్టుకుని భోజనానికొచ్చింది. చెయ్యి కడుక్కోగానే ఆయన తన కూతురి పెళ్ళి డిస్కు పెట్టాడు. పాత కెమెరాతో తీసిన ఆ బొమ్మ కూడా యథాప్రకారం సాగింది. తెర మీద పెళ్ళి హాలు గుమ్మంలోకి వియ్యపురాలు అడుగుపెట్టింది. గుమ్మం నిండిపోయింది.

"అన్నయ్యగారూ, అది నేనేనా?"

భార్య కళ్ళతో సైగ చేసింది. ఆయన సైగలు పట్టించుకునే మనిషైతే కదా!

"మీరే చెల్లెమ్మగారూ! మామూలు టీవీలో మీరు పట్టరు. ఇది ఉన్నదంతా చూపిస్తుంది."

అల్లుడు మంచినీళ్ళ గ్లాసులో మొహం దాచుకున్నాడు. వియ్యపురాలు పైట సర్దుకుని లేచింది. "వదినగారూ, మేం బయల్దేరతాం."

"ఆగండాగండి, రేషియో మారుస్తాను" అంటూ ఆయన రిమోట్ మీద పడ్డాడు. ఒక మీట నొక్కితే శబ్దం పోయింది. ఇంకోటి నొక్కితే మెనూ తెలియని భాషలోకి మారింది. మూడోది నొక్కేసరికి బొమ్మంతా రెండు పక్కలనుంచీ నొక్కుకుపోయింది. వియ్యపురాలు చీపురుపుల్లలా నిలబడింది. ఇదీ తప్పేనని ఆయనకి తెలిసిపోయింది.

ఆవిడ మళ్ళీ కూర్చుంది. "ఇదిగో, ఇదీ నేనంటే! కాస్త వెనక్కి తిప్పండి, మళ్ళీ చూద్దాం."

"ఒరిజినల్ రేషియో అంటే ఇదేనండి" అన్నాడాయన, గండం గడిచినట్టు ఊపిరి వదిలి.

అల్లుడు ఉండబట్టలేక రిమోట్ అందుకుని సరిచేశాడు. నల్లపట్టీల మధ్య వియ్యపురాలు ఉన్నది ఉన్నట్టు కనిపించింది.

"ఏంట్రా ఇది, బంగారంలాంటి బొమ్మని పాడుచేశావు! మామయ్యగారికి ఇచ్చెయ్" అని తల్లి కసిరింది.

మర్నాడే కబురొచ్చింది, వాళ్ళింటి టీవీని కూడా అలాగే అమర్చిపెట్టమని. ఆయన పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళాడు. అప్పట్నుంచి ఆ ఇంటి టీవీలో వార్తలు చదివేవాళ్ళంతా తిండి లేనివాళ్ళలా ఉంటారు. ఆయన పేరు మాత్రం వియ్యాలవారి చుట్టాలదాకా పాకింది, కొలతంటే ఆయనదేనట.

భార్య సినిమా చూడాలనిపిస్తే పక్కింటికి వెళుతోంది. వాళ్ళది చిన్న టీవీ. అందులో మనుషులు మనుషుల్లా ఉంటారు.